చర్చ: పీడబ్ల్యూడీ గ్రౌండ్‌ను బెజవాడ పోగొట్టుకుందా?

1. గవర్నర్‌పేట వాసి

మొన్న బందరు రోడ్డు మీద వెళ్తుంటే మా అబ్బాయి అడిగాడు: "నాన్నా, స్వరాజ్ మైదానం అంటే ఈ విగ్రహం పేరా?" వాడికి తొమ్మిదేళ్ళు. అక్కడ పీడబ్ల్యూడీ గ్రౌండ్ అనే మైదానం ఉండేదన్న సంగతి వాడికి తెలియదు. అప్పటి నుంచి మనసులో తిరుగుతున్న మాట ఇక్కడ పెడుతున్నాను.

ముందే చెప్తాను, అంబేద్కర్ విగ్రహం ఉండకూడదని నేను అనడం లేదు. 2024 జనవరి 19న ఆవిష్కరణ అయిన వారంలోనే మా ఇంటిల్లిపాదీ వెళ్ళి చూసొచ్చాం. 81 అడుగుల పీఠం, దాని మీద 125 అడుగుల విగ్రహం, మొత్తం 206 అడుగులు. కింద నిలబడి తల ఎత్తితే మెడ నొప్పి పుడుతుంది. ఆ మనిషికి ఆ ఎత్తు తగినదే. నా బాధ వేరు. 18.81 ఎకరాల ఖాళీ నేల, ఊరి నడిబొడ్డున, ఎవరైనా ఎప్పుడైనా అడుగుపెట్టగలిగిన నేల, అది ఇప్పుడు లేదు.

తెలియని చిన్నవాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆనకట్ట వెంట కాలువలు, కాలువల వెంట ఆ పనులు చూసే శాఖ ఆఫీసులు వచ్చాయి. ఆ ప్రభుత్వ పనుల శాఖ స్థలం కాబట్టే పీడబ్ల్యూడీ గ్రౌండ్ అన్నారు. తర్వాత శాఖ పేరు ఇరిగేషన్ అయింది, మైదానం పేరు స్వరాజ్ మైదానం అయింది. అయినా ఆటోవాడికి మాత్రం పీడబ్ల్యూడీ గ్రౌండ్ అంటేనే అర్థమయ్యేది. మా నాన్న అక్కడ సర్కస్ చూశాడు. నేను ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కి, దిగాక ఢిల్లీ అప్పడం తిన్నాను. అన్ని పార్టీల మీటింగులూ అక్కడే జరిగాయి. ఏమీ లేని రోజుల్లో పిల్లలు మూడు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడేవాళ్ళు.

నా ప్రశ్న ఒకటే. స్మారకం కట్టడానికి మైదానమే ఎందుకు కావలసి వచ్చింది? మైదానాన్ని పోగొట్టుకున్నామని మీలో ఎంతమందికి అనిపిస్తోంది?

2. పటమట పాఠకురాలు

నాకు అనిపిస్తోంది. కాకపోతే నా మైదానం పుస్తకాల మైదానం.

విజయవాడ పుస్తక మహోత్సవం 1989లో మొదలైంది. ఏటా జనవరి మొదటి తేదీల్లో పదకొండు రోజులు. మా ఇంట్లో కొత్త సంవత్సరం అంటే కేకు గుర్తు రాదు, పీడబ్ల్యూడీ గ్రౌండ్ గుర్తొస్తుంది. చలిలో శాలువా కప్పుకుని వెళ్ళి, ఒక్కో స్టాలు దగ్గర ఆగి, డబ్బులు లెక్కపెట్టుకుని, చివరికి అనుకున్నదానికి రెట్టింపు ఖర్చుపెట్టి వచ్చేవాళ్ళం. పుస్తక ప్రియుల పాదయాత్ర జరిగిన రోజున రోడ్డంతా స్కూలు పిల్లలే.

మైదానం పోయాక మహోత్సవం ఆగలేదు, నిజమే. మొదట పాలిటెక్నిక్ కాలేజీ మైదానం, తర్వాత ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం. జనం వెతుక్కుని వస్తున్నారు. కానీ ప్రతి ఏడూ "ఈసారి ఎక్కడ?" అని అడగాల్సి రావడమే ఒక లోటు. గుడివాడ నుంచో నూజివీడు నుంచో బస్సు దిగినవాడికి పీడబ్ల్యూడీ గ్రౌండ్ ఎక్కడని ఎవరూ చెప్పక్కర్లేదు. జాతరకు గుడి ఎలాగో పుస్తకాల పండక్కి ఆ స్థలం అలాగ. చోటు స్థిరంగా ఉంటే తేదీ దానంతటదే గుర్తుంటుంది.

3. నీలి జెండా

"పోగొట్టుకున్నాం" అన్న మాట చదివి చాలాసేపు ఆగాను. ఇద్దరూ మర్యాదగానే రాశారు, నేనూ మర్యాదగానే రాస్తాను. కానీ సూటిగా రాస్తాను.

మాది దివిసీమ వైపు పల్లె. మా పేటలో అంబేద్కర్ విగ్రహం ఉంది, నిలువెత్తు సిమెంటు విగ్రహం. చుట్టూ ఇనుప జాలీ. చిన్నప్పుడు ఆ జాలీ ఎందుకని మా మామయ్యను అడిగాను. రాత్రిపూట ఎవరూ చెయ్యి విరగ్గొట్టకుండా అన్నాడు. మా నాయకుడిని మేము ఊరి చివర, బోనులో పెట్టి కాపాడుకున్నాం. ఈ కోస్తాలో 1985లో కారంచేడు జరిగింది, 1991లో చుండూరు జరిగింది, రెండుచోట్లా దళితులను ఊచకోత కోశారు. ఆ రెండు పేర్లూ తెలిసినవాళ్ళకి ఊరి నడిబొడ్డున 206 అడుగుల అంబేద్కర్ అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు.

స్మారకానికి మైదానమే ఎందుకు అని అడిగారు. మొదట ఏమనుకున్నారో గుర్తుచేస్తాను. 2017 ఏప్రిల్ 14న అమరావతి ప్రాంతంలో, ఐనవోలు దగ్గర స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. అప్పుడు ఎవరూ "అంత దూరం ఎందుకు?" అనలేదు. 2020 జూలైలో ఆ స్మృతివనం బెజవాడ మధ్యకి వచ్చేసరికి ఖాళీ స్థలం విలువ అందరికీ గుర్తొచ్చింది. 2015–16 రోజుల్లో ఇదే మైదానంలో సిటీ స్క్వేర్ అనే దుకాణాల సముదాయమని, చైనా కంపెనీ అని మాటలు నడిచాయి. అప్పుడు పోరాడినవాళ్ళు పోరాడారు, వాళ్ళకి దండం. కానీ ఈ ఊళ్ళో ఎక్కువమంది ఆ రోజు నోరు తెరవలేదు. దుకాణాలకి ఇస్తే అభివృద్ధి, బాబాసాహెబ్‌కి ఇస్తే పోగొట్టుకోవడమా?

ఏప్రిల్ 14న ఒకసారి అక్కడికి రండి. పల్లెల నుంచి ట్రాక్టర్ల మీద, ఆటోల మీద, చంకలో పిల్లల్ని ఎత్తుకుని వచ్చే ఆడవాళ్ళని చూడండి. వాళ్ళలో చాలామందికి మీ ఎగ్జిబిషన్ జ్ఞాపకాలు లేవు. టికెట్టు కొని జెయింట్ వీల్ ఎక్కే స్తోమత మా అమ్మకి లేదు.

4. గవర్నర్‌పేట వాసి

నీలి జెండా గారూ, ఐనవోలు సంగతి నేను రాయాల్సింది, వదిలేశాను. పొరపాటే. సిటీ స్క్వేర్ అన్నప్పుడు నేను ఒక సంతకం పెట్టాను, అంతకు మించి ఏమీ చేయలేదు. మీ మాట నాకు తగలవలసిందే.

5. మాచవరం లాయరు

ఇద్దరూ ఒకే మనిషి గురించి రెండు వైపుల నుంచి మాట్లాడుతున్నారు. మధ్యలో ఆ మనిషి స్వయంగా చెప్పింది ఒకటుంది.

బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానం చేసింది, ప్రభుత్వ ధనంతో నడిచే చెరువులు, బావులు, ధర్మశాలలు అందరికీ తెరవాలని. మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువును అందరిదీ అని ప్రకటించింది. కాగితం మీద తెరుచుకుంది, గట్టు మీద దళితులకు తెరుచుకోలేదు. అందుకే 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగారు. అవతలివాళ్ళు కోర్టులో ఏమన్నారో తెలుసా? ఆ చెరువు పబ్లిక్‌ది కాదు, మా సొంతం అన్నారు. పదేళ్ళు కేసు నడిచాక 1937లో బొంబాయి హైకోర్టు ఆ వాదన చెల్లదంది. అంటే ఆయన చేసిన పెద్ద పోరాటాల్లో ఒకటి, ఒక స్థలం అందరిదా కొందరిదా అన్న దాని మీదే.

తర్వాత రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో క్లాజు చూడండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం వచ్చిపోయే స్థలాలు, ఇవి ప్రభుత్వ ధనంతో నడిచేవైనా ప్రజల వాడకానికి వదిలినవైనా, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూపించి ఎవరినీ అడ్డుకోకూడదు. మైదానం ఆ జాబితాలోకి వచ్చే స్థలమే. కాబట్టి ఖాళీ మైదానం కావాలనడం అంబేద్కర్‌కి వ్యతిరేకం కాదు. అలాగే ఊరి మధ్య ఆయన నిలబడాలనడమూ పబ్లిక్ స్థలానికి వ్యతిరేకం కాదు.

చట్టం సంగతి ఎవరైనా అడుగుతారని ముందే చెప్తున్నాను. పార్కుకి కేటాయించిన జాగాను ప్రైవేటు నర్సింగ్ హోముకి ఇవ్వడం చెల్లదని 1991లో సుప్రీంకోర్టు బెంగళూరు కేసులో చెప్పింది. లక్నోలో ఝండేవాలా పార్కు కింద కడుతున్న షాపింగ్ కాంప్లెక్సును తీసేసి పార్కును మళ్ళీ పార్కులా చేయమని 1999లో ఆదేశించింది. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజా వినియోగ స్థలాల్లో కొత్త విగ్రహాలకు రాష్ట్రాలు అనుమతి ఇవ్వకూడదని 2013 జనవరి 18న ఒక ఉత్తర్వు కూడా ఇచ్చింది. వీటిని తెచ్చి ఇక్కడ అతికించి "అదిగో చూశారా" అనకండి. మొదటి రెండు కేసులూ పార్కుగా కేటాయించిన స్థలాన్ని వ్యాపారానికి ఇవ్వడం గురించి. స్మృతివనం వ్యాపారం కాదు, ప్రజలు వచ్చే చోటే. అయినా ఆ తీర్పుల వెనకున్న మాట మనకు పనికొస్తుంది. ప్రభుత్వం ఇలాంటి స్థలాలకు యజమాని కాదు, జనం తరఫున కాపలాదారు.

6. రైతుబజార్ బిడ్డ

మీరంతా ఎగ్జిబిషన్ అంటున్నారు, పుస్తకాలు అంటున్నారు. అక్కడ రోజూ తెల్లారకముందే లేచే జనం ఒకరు ఉండేవాళ్ళు, ఎవరూ రాయలేదు.

రైతుబజార్లు 1999 జనవరిలో మొదలయ్యాయి. స్వరాజ్ మైదానం రైతుబజార్‌లో మా అమ్మ ఆకుకూరలు అమ్మింది. తోటకూర, గోంగూర, చుక్కకూర, కొత్తిమీర. తెల్లవారుజామున కట్టలు కట్టుకుని బస్సెక్కేది. నేను ఇంటర్ దాకా ఆ డబ్బుతోనే చదివాను. గవర్నర్‌పేట, సూర్యారావుపేట, కృష్ణలంక ఆడవాళ్ళు నడిచొచ్చి కొనుక్కెళ్ళేవాళ్ళు, అది కదా అసలు సంగతి. బజారు కదిలాక కొనేవాళ్ళు మారిపోయారు. ఇరవై ఏళ్ళ అలవాటు కొనుగోలుదారులు, పేరు పెట్టి పిలిచేవాళ్ళు, వాళ్ళని బుట్టలో పెట్టుకుని తీసుకెళ్ళలేం కదా.

మేమూ ఎస్సీలమే. మా అమ్మ ఆ విగ్రహానికి చేతులెత్తి దండం పెట్టింది. పెట్టి, "అయ్యా, మా బుట్టలకి కూడా ఇక్కడ కొంచెం చోటు చూడకపోయావా" అంది. నేను విన్నాను. ఆ రెండూ ఆమె మనసులో ఒకేసారి ఉన్నాయి. ఇక్కడ అందరూ రెండు జట్లుగా విడిపోతుంటే అది చెప్పాలనిపించింది.

7. నీలి జెండా

తమ్ముడూ, నువ్వు రాసింది చదివాక నిన్న నేను రాసింది మళ్ళీ చదువుకున్నాను. ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. కానీ అమ్మ మాట కూడా పక్కన పెట్టలేను.

8. వన్‌టౌన్ పెద్ద

నాకు డెబ్బై దాటింది. రెండు విషయాలు సరిచేయాలి, ఒకటి ఒప్పుకోవాలి.

మొదటిది. వేరేచోట ఒకాయన పింగళి వెంకయ్య గారు గాంధీకి జెండా చూపించింది ఈ మైదానంలోనే అని రాశాడు. అలా కలిపేయకండి. 1921లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అన్న తీర్మానం అప్పటిదే. జెండా కథను మన ఊరు బాపు మ్యూజియంతో ముడిపెట్టి చెప్పుకుంటుంది. ఆ రాతి భవనం విక్టోరియా జూబిలీ పేరుతో కట్టింది, అదీ ఈ బందరు రోడ్డు మీదే. మైదానానికి స్వరాజ్ పేరు గౌరవమే. కానీ లేని సంఘటన అంటగట్టి దాని విలువ పెంచక్కర్లేదు. ఉన్న విలువ చాలు.

రెండోది. "ఎవరైనా ఎప్పుడైనా" అన్నారు గవర్నర్‌పేట వారు. ఆఖరి ఏళ్ళలో ఆ గ్రౌండ్ ఎలా ఉండేదో నేను చూశాను. వాన పడితే చిత్తడి. ఎండాకాలం దుమ్ము. ఒక మూల లారీలు, ఇంకో మూల చెత్త. ఎగ్జిబిషన్ పెట్టినన్నాళ్ళూ కంచె, టికెట్టు, మైకుల హోరు. చీకటి పడితే మందుబాబులు. ఏడాదిలో నిజంగా ఆటకి దొరికిన రోజులు మీరు గుర్తుపెట్టుకున్నన్ని లేవు. మనం దాన్ని ప్రేమించాం గానీ బాగోగులు చూడలేదు. చూసుకోని స్థలం మీద ప్రతి ప్రభుత్వానికీ ఏదో ఒకటి కట్టాలనే బుద్ధి పుడుతుంది. సిటీ స్క్వేర్ వాళ్ళకీ పుట్టింది అందుకే.

ఇక ఒప్పుకోవలసింది. మా తరం వాళ్ళం ఈ ఊరి నేలనంతా అమ్ముకున్నాం. 1888లో మునిసిపాలిటీ అయిన ఊరు ఇది. కొండలకీ కాలువలకీ నదికీ మధ్య ఇరుక్కున్న ఊరు. సాగడానికి చోటే తక్కువ. మొగల్రాజపురంలో, పటమటలో తోటలు ఉండేవి. అన్నీ అపార్టుమెంట్లు అయ్యాయి. మా స్థలాలు మేము అమ్ముకున్నాం కాబట్టే చివరికి ప్రభుత్వం చేతిలో ఉన్న ఒక్క ఖాళీ జాగా మీద ఇంతమంది చూపు పడింది. స్మారకానికీ, పుస్తకాలకీ, కూరగాయలకీ, క్రికెట్‌కీ అన్నిటికీ ఒకే 18 ఎకరాలు. తగువు రాకుండా ఎలా ఉంటుంది?

9. సింగ్ నగర్ కోచ్

పిల్లలకి కబడ్డీ, ఖోఖో నేర్పిస్తాను. నాది చిన్న మాట.

దేశంలో పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటాయి. పది లక్షలు దాటిన జనం ఉన్న మన ఊళ్ళో ఆ లెక్క వేయమంటే నాకు భయం వేస్తుంది. స్టేడియం ఉంది కదా అంటారు. స్టేడియానికి గేటు ఉంటుంది, అనుమతి కావాలి, ఫీజు కావాలి. చెప్పుల్లేకుండా వచ్చిన పిల్లవాడు స్టేడియం గేటు దగ్గర ఆగిపోతాడు. మైదానంలో ఆగడు. నా దగ్గర ఆడి జిల్లా జట్టుకి వెళ్ళిన పిల్లల్లో సగం మంది మొదట ఆడింది ఏదో ఒక ఖాళీ స్థలంలోనే. ఆటస్థలం అంటే నా ఉద్దేశంలో అడగకుండా ఆడగలిగిన స్థలం. పార్కులో బాల్ తీస్తే విజిల్ వేస్తారు.

10. లబ్బీపేట అమ్మ

కోచ్ గారూ, అడగకుండా ఆడగలిగిన స్థలం ఎవరికి? మగపిల్లలకి.

నేను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాను. సాయంత్రం ఏడు దాటాక పీడబ్ల్యూడీ గ్రౌండ్‌లో ఒక్కదాన్నే అడుగుపెట్టిన రోజు నా జీవితంలో లేదు. ఎగ్జిబిషన్‌కి వెళ్తే జనంలో చేతులు ఎక్కడ తగులుతాయోనని టెన్షన్. బాత్రూమ్ అంటే ఇంటికి వచ్చేదాకా ఆపుకోవడమే. మీ అందరి జ్ఞాపకాల మైదానం నాకు అందని మైదానం.

ఇప్పుడు స్మృతివనానికి నా కూతురిని తీసుకుని వెళ్తాను. వెలుతురు ఉంది, నడవడానికి దారి ఉంది, కూర్చోవడానికి చోటు ఉంది. లోపల అంబేద్కర్ జీవితం బొమ్మల్లో చూపిస్తారు. నా కూతురు మహాడ్ దగ్గర ఆగి "అమ్మా, నీళ్ళు తాగనివ్వకపోవడం ఏంటి?" అని అడిగింది. ఇంటికొచ్చేదాకా అదే మాట. ఆ ప్రశ్న ఏ జెయింట్ వీల్ దగ్గరా పుట్టదు. అందుకని "పోయింది" అనే మాట నాకూ కుదరదు. ఒకరికి పోయింది ఇంకొకరికి దొరికింది.

11. ముంబై వలస (ఊరు తెనాలి)

ఇప్పటివరకు చదువుతూనే ఉన్నాను, రాయాలనుకోలేదు. కానీ అమ్మ గారి మాట, కోచ్ గారి మాట ఒకదానికొకటి అడ్డు అనుకుంటున్నారు చూశారా, అది కాదని నేను కళ్ళారా చూశాను.

పద్నాలుగేళ్ళు దాదర్‌లో ఉన్నాను. అంబేద్కర్ అంత్యక్రియలు 1956 డిసెంబర్ 7న దాదర్ చౌపాటీలో జరిగాయి. అక్కడ చైత్యభూమి ఉంది. స్మారకం కట్టడంగా చూస్తే చాలా చిన్నది. ఆయన పోయిన డిసెంబర్ 6కి ముందు రెండు మూడు రోజుల నుంచే విదర్భ నుంచి, మరాఠ్వాడా నుంచి లక్షల మంది రైళ్ళు దిగుతారు. వాళ్ళందరూ ఎక్కడ పడుకుంటారు? ఎక్కడ తింటారు? పక్కనే శివాజీ పార్కు. పేరుకి పార్కు గానీ 27 ఎకరాలకు పైగా ఉన్న ఖాళీ మైదానం. మిగతా ఏడాదంతా అక్కడ పొద్దున్నే క్రికెట్ నెట్లు, సాయంత్రం ముసలివాళ్ళు గోడ మీద కబుర్లు, ఎన్నికలప్పుడు సభలు. ఆ రెండు మూడు రోజులు మాత్రం కార్పొరేషన్ టెంట్లు వేస్తుంది, నీళ్ళ ట్యాంకర్లు పెడుతుంది. చైత్యభూమి చిన్నది కావచ్చు. ఆ లక్షల మందిని మోసేది మాత్రం ఆ ఖాళీ నేలే.

ఇంకొకటి పాఠకురాలు గారి కోసం. ఆ మైదానంలో ఆ రోజుల్లో ఏది ఎక్కువ కనబడుతుందో తెలుసా? పుస్తకాల స్టాళ్ళు. ఎటు చూసినా పుస్తకాలే. రోజు కూలీ చేసుకునే మనిషి, చేతిలో ఉన్న వంద రూపాయలకి అంబేద్కర్ పుస్తకం కొని సంచిలో పెట్టుకుని రైలెక్కుతాడు. నేను మొదటిసారి చూసినప్పుడు ఏడుపొచ్చింది. ఆయన పండగ అంటే పుస్తకాల పండగ.

నాగపూర్ సంగతి కూడా చెప్తాను. 1956 అక్టోబర్ 14న ఆయన లక్షల మందితో బౌద్ధం స్వీకరించింది ఖాళీ మైదానంలో. ఇప్పుడక్కడ దీక్షాభూమి స్తూపం ఉంది, చుట్టూ నేల వదిలారు. అక్కడ భూగర్భ పార్కింగ్ పనులు మొదలుపెడితే 2024 జూలై 1న అంబేద్కర్ అనుచరులే వేలమంది వచ్చి ఆపేశారు, ప్రభుత్వం పనులు నిలిపేసింది. స్తూపం ఎంత పవిత్రమో దాని చుట్టూ ఉన్న నేలా అంతే పవిత్రమని వాళ్ళకి తెలుసు.

నేను అనేది ఇది. మన దగ్గర స్మారకం వచ్చింది, మంచిది. పక్కన శివాజీ పార్కు లేదు. తెచ్చుకోవలసింది అది.

12. పటమట పాఠకురాలు

ఇది చదివాక నా ఫిర్యాదు మారిపోయింది. పుస్తక మహోత్సవం తను పోగొట్టుకున్న చోటికే, ఆయన పాదాల దగ్గరికే ఎందుకు రాకూడదు? విగ్రహం ఆవిష్కరణ అయింది జనవరిలో. మహోత్సవం జరిగేదీ జనవరిలోనే. లోపల కన్వెన్షన్ సెంటర్ ఉంది, చుట్టూ పచ్చిక ఉంది. అన్ని స్టాళ్ళూ పట్టకపోవచ్చు. పోనీ ఒక భాగమైనా పెట్టుకోనివ్వమని అడగొచ్చు.

13. వన్‌టౌన్ పెద్ద

పచ్చిక మీద స్టాళ్ళు వేస్తే నెలకల్లా మళ్ళీ పాత పీడబ్ల్యూడీ గ్రౌండ్ అవుతుంది, చిత్తడీ చెత్తా. 404 కోట్ల ప్రజాధనం పెట్టి కట్టింది. నేను ఒప్పుకోను. మహోత్సవానికి వేరే స్థిరమైన చోటు చూడమని అడగండి, సంతకం పెడతాను.

14. రైతుబజార్ బిడ్డ

పెద్దాయనా, రోజూ కూరగాయలు అమ్మినా మా అమ్మ సాయంత్రం తన చోటు ఊడ్చి నీళ్ళు చల్లి వచ్చేది. చెత్త చేసేది జనం కాదండి, చెత్త ఎత్తే ఏర్పాటు లేకపోవడం.

15. గవర్నర్‌పేట వాసి

అందరూ రాసింది రెండుసార్లు చదివాను. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అందరి తరఫునా ఒక అర్జీ రాసి ఇద్దామనుకుంటున్నాను. ముసాయిదా ఇది:

"విజయవాడ ప్రజలు స్వరాజ్ మైదానాన్ని కోల్పోయారు. ఆ లోటు తీర్చడానికి నగరం మధ్యలో ఉన్న ప్రభుత్వ స్థలాల్లో ఒకదాన్ని, ఏ కట్టడమూ లేకుండా, ఆటలకూ సభలకూ పుస్తక మహోత్సవానికీ శాశ్వతంగా ఖాళీ మైదానంగా ప్రకటించి రికార్డులో నమోదు చేయాలి. రైతుబజార్‌కు పాత కొనుగోలుదారులు నడిచి రాగలిగే దూరంలో చోటు చూపాలి. మైదానంలో రాత్రి వెలుతురు, ఆడవారికి మరుగుదొడ్లు ఉండాలి. స్మృతివనం ఆవరణలో ఏటా అంబేద్కర్ రచనల పుస్తక ప్రదర్శన జరపాలి."

మార్పులు చెప్పండి.

16. మాచవరం లాయరు

"రికార్డులో నమోదు" అన్న ముక్కే అసలు ప్రాణం, దాన్ని ఎవరు తీసేయమన్నా తీయకండి. సర్వే నంబరుతో సహా ఖాళీ స్థలంగా మాస్టర్ ప్లాన్‌లో గుర్తించాలని చేర్చండి. పీడబ్ల్యూడీ గ్రౌండ్‌ను మనం ఎంత ప్రేమించినా అది ఒక శాఖ చేతిలో ఉన్న జాగాగానే ఉండిపోయింది. అందుకే ఒక ప్రభుత్వం దుకాణాలు అనగలిగింది, ఇంకో ప్రభుత్వం స్మారకం అనగలిగింది.

17. నీలి జెండా

అర్జీ బాగుంది. నేనూ వస్తాను, సోమవారం సెలవు పెడతాను. మా పేట కుర్రాళ్ళు కూడా నలుగురు వస్తారు. కానీ మొదటి వాక్యం ఉంటే సంతకం పెట్టను. "కోల్పోయారు" అన్న మాట కింద నా పేరు ఉండకూడదు. రేపు ఎవడో ఆ కాగితం పట్టుకుని, చూశారా, వీళ్ళే విగ్రహం వద్దన్నారు అంటాడు. మా అమ్మ అక్కడికి వెళ్ళి ఏడ్చింది, సంతోషంతో. ఆ మాట తీసేయండి, మిగతా ప్రతి అక్షరానికీ నేను ఉన్నాను.

18. సింగ్ నగర్ కోచ్

తీసేస్తే మరి మైదానం ఎందుకు అడుగుతున్నామో ఎలా తెలుస్తుంది? పోయింది కాబట్టే కదా అడుగుతున్నాం. నా పిల్లలకి పోయింది. అది అబద్ధం కాదు.

19. లబ్బీపేట అమ్మ

"శాశ్వతంగా" పక్కన "ఆడపిల్లలకు కేటాయించిన సమయాలతో" అని కూడా రాయండి. మిగతాది మీ ఇద్దరూ తేల్చుకోండి.

20. గవర్నర్‌పేట వాసి

రాత్రి పన్నెండు దాకా కూర్చుని మొదటి వాక్యం మార్చాను. కోచ్ గారూ, నీలి జెండా గారూ, ఇద్దరూ చూడండి:

"స్వరాజ్ మైదానంలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ స్మృతివనం వెలిసినందుకు విజయవాడ ప్రజలుగా మేము గర్విస్తున్నాము. అదే నేల మీద ఇంతకాలం ఆడుకున్న పిల్లలకు, కూరగాయలు అమ్మిన రైతులకు, పుస్తకాలు కొన్న పాఠకులకు ఇంకా వేరే నేల చూపలేదు. అది చూపమని అడుగుతున్నాము."

లాయరు గారు చెప్పిన సర్వే నంబరు, మాస్టర్ ప్లాన్ మాటలు, అమ్మ గారు చెప్పిన సమయాలు చేర్చాను. పెద్దాయన అభ్యంతరం వల్ల స్మృతివనంలో ప్రదర్శన "కన్వెన్షన్ సెంటర్ లోపల" అని మార్చాను. సోమవారం పది గంటలకి కలెక్టరేట్ గేటు దగ్గర ఉంటాను. తెల్ల కాగితం మీద ప్రింటు తీసి తెస్తాను, సంతకాలు అక్కడే.

21. నీలి జెండా

వస్తున్నాం. ఐదుగురం.

22. సింగ్ నగర్ కోచ్

"ఆడుకున్న పిల్లలకు" అన్నది మొదట పెట్టారు, చాలు. పదిమంది పిల్లల్ని తీసుకొస్తాను, స్కూలు టైమ్‌కి పంపించేయాలి.

23. రైతుబజార్ బిడ్డ

అమ్మ వేలిముద్ర వేస్తానంది. స్టాంప్ ప్యాడ్ ఎవరైనా తెస్తారా?